పాత డాక్యుమెంటరీ ఫొటో ఆధారంగా మిక్స్‌డ్ మీడియా గ్రూప్ పోర్ట్రెయిట్ ఎలా చేయాలి?

గుంపు ఫొటో చూసి బొమ్మ వేద్దామనుకునేవాళ్లు చాలామంది నేరుగా మొహాల మీద పడతారు. ఒక్కో మొహాన్నీ పోలిక చెడకుండా గీసేసి, అన్నిటినీ పక్కపక్కన చేరిస్తే పని అయిపోతుందనుకుంటారు. అలా చేస్తే ఏడుగురి విడివిడి బొమ్మలు ఒకే బోర్డు మీదికి వచ్చి చేరినట్టు ఉంటుంది తప్ప గుంపు కనిపించదు. గుంపు బొమ్మకు ప్రాణం మనుషుల మధ్య ఉంటుంది. ఎవరి భుజం ఎవరికి ఆనింది, ఎవరు అర అడుగు వెనక నిలబడ్డారు, ఎవరి చెయ్యి ఎవరి మీద ఉంది, ఎవరి పక్కన ఖాళీ మిగిలింది, ఇవే వాళ్ల సంబంధం ఏమిటో చెబుతాయి. కాగితం అతికించినా, బొగ్గుతో గీసినా, రంగు పూసినా అది ఆ సంబంధం కనబడడానికే. కింద చెప్పే పద్ధతంతా ఈ నమ్మకం మీదే నడుస్తుంది.

రకరకాల సామగ్రిని ఒకే బొమ్మలో కలిపి వాడడమే మిక్స్‌డ్ మీడియా. ఇక్కడ వాడేవి నాలుగే: యాక్రిలిక్ రంగులు, అతికించే కాగితాలు, లేజర్ ప్రింట్ నుంచి దింపుకునే ఫొటో ముక్కలు (ట్రాన్స్‌ఫర్‌లు), బొగ్గు గీతలు. కావాలనుకుంటే చివర్లో కాస్త ఆయిల్ పాస్టెల్. పని కష్టం కాదు గానీ మధ్యలో ఆరబెట్టే సమయం చాలా పడుతుంది. రేపు ఎవరికో బహుమతి ఇవ్వాలని ఈరోజు మొదలుపెడితే టెన్షన్ తప్పదు.

1. ఫొటో ఎంచుకోవడం

మీ సొంత ఇంటి ఫొటో కాకపోతే, మొదట చూడాల్సింది దాన్ని వాడుకునే హక్కు మీకుందా అని. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఈ పనికి బాగా పనికొచ్చే సేకరణలు రెండున్నాయి. ఒకటి, 1908 నుంచి నేషనల్ చైల్డ్ లేబర్ కమిటీ కోసం లూయిస్ హైన్ తీసిన బాల కార్మికుల ఫొటోలు, ఐదు వేలకు పైనే. రెండోది, 1935 నుంచి 1944 వరకు అమెరికా ప్రభుత్వ ఫొటోగ్రాఫర్లు పొలాల్లో, వలస శిబిరాల్లో, ఫ్యాక్టరీల్లో తీసినవి. వాటిని ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ ఫొటోలు అంటారు. వాటిలో నలుపు తెలుపు నెగటివ్‌లే లక్షన్నర దాటి ఉన్నాయి. రెండు సేకరణల్లోనూ పెద్ద సైజు స్కాన్‌లు ఉచితంగా దొరుకుతాయి, ఫొటో పక్కనే హక్కుల వివరం రాసి ఉంటుంది. అది చదివాకే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఈమధ్య తీసిన ఫొటో అయితే ఫొటోగ్రాఫర్ అనుమతి అడగాల్సిందే. 'నేను బొమ్మగా మార్చాను కదా' అనే వాదన ప్రతిచోటా నిలబడదు. ఫొటోగ్రాఫర్ లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీసిన గాయకుడు ప్రిన్స్ ఫొటోను ఆధారం చేసుకుని పేరుమోసిన అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ బొమ్మలు చేశాడు. వాటిలో ఒకదాన్ని పత్రికకు లైసెన్స్ ఇచ్చిన విషయంలో 2023 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో గోల్డ్‌స్మిత్ వైపే తీర్పు చెప్పింది. వార్హోల్ అంతటివాడి బొమ్మకే ఆ పరిస్థితి వచ్చిందంటే మనం ఒక ఈమెయిల్ రాసి అడగడంలో తప్పు లేదు. ఏ దేశంలో ఉంటే అక్కడి నియమాలు వేరుగా ఉంటాయి కాబట్టి, బొమ్మను అమ్మే ఉద్దేశం ఉంటే ముందే కనుక్కోండి.

హక్కుల సంగతి తేలాక ఫొటోలో మూడు చూడండి. వెలుగు ఒక వైపు నుంచి పడుతోందా? ముక్కు కింద, గడ్డం కింద నీడ స్పష్టంగా ఉంటే మీ పని సగం తగ్గుతుంది. చేతులు కనబడుతున్నాయా? మొహాలు మాత్రమే ఉన్న గుంపులో మనుషుల మధ్య ఏముందో తెలుసుకోవడం కష్టం. ఎవరైనా ఒకరు మిగతావాళ్ల కంటే వేరుగా ఉన్నారా? చూపు పక్కకు తిప్పడమో, కొంచెం దూరంగా నిలబడడమో ఏదో ఒకటి. అందరూ ఒకేలా నిలబడి ఒకే చోట చూస్తున్న ఫొటో మొదటి ప్రయత్నానికి వద్దు.

ఉదాహరణగా, 1911 జనవరిలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్‌స్టన్‌లో హైన్ తీసిన బొగ్గు గని పిల్లల గ్రూప్ ఫొటోలను మనసులో పెట్టుకుని మిగతాది చెబుతాను. వాళ్లను బ్రేకర్ బాయ్స్ అనేవారు. పైనుంచి జారి వచ్చే బొగ్గులోంచి రాళ్లు ఏరడం వాళ్ల పని. తలకు టోపీలు, మసి పట్టిన మొహాలు, పెద్దవాళ్ల కోట్ల లాంటి కోట్లు, కెమెరాలోకి సూటిగా చూపు. మిక్స్‌డ్ మీడియాకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

2. ఫొటోలో ఉన్నవాళ్లెవరో తెలుసుకోవడం

ఈ మెట్టు దాటేసి రంగుల దగ్గరికి వెళ్లకండి. హైన్ ఫొటోల కింద ఊరు, గని, నెల, కొన్నిసార్లు పిల్లల పేర్లు, వయసు కూడా ఉంటాయి. యజమానులు లోపలికి రానివ్వని చోట అతను వేరే పనిమీద వచ్చినట్టు నటించి వెళ్లేవాడు. పిల్లల ఎత్తును తన కోటు గుండీలతో పోల్చి కొలుచుకునేవాడు. ఈ సంగతి తెలిశాక ఫొటోలో ఒక్కో పిల్లాడి ఎత్తు మీకు మామూలు గీతలా అనిపించదు. పక్కవాడి భుజం దగ్గర ఆగిపోయిన టోపీని ఇంకో అంగుళం పైకి జరిపి వరసను సర్దుదామన్న ఆలోచన కూడా రాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో డొరొథియా లాంగ్ తీసిన వలస తల్లి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అందులో ఉన్న ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ ఎవరో జనానికి తెలిసింది 1978లోనే. తన పేరైనా అడగలేదని, ఆ ఫొటో వల్ల తనకు దక్కింది ఏమీ లేదని ఆమె బాధపడింది. ఫొటోలో ఉన్నవాళ్లు మన బొమ్మ కోసం నిలబడలేదు. వాళ్ల చిరిగిన బట్టలను అందమైన డిజైన్‌గా మార్చేసే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి. నా మటుకు నేను పెట్టుకున్న నియమం ఇది: గుంపులోంచి కొందరిని వదిలేయవచ్చు, వెనకనున్న గోడను మార్చవచ్చు, కానీ లేని నవ్వు పెట్టకూడదు, లేని కన్నీరు పెట్టకూడదు, పక్కన లేనివాణ్ని తెచ్చి పక్కన నిలబెట్టకూడదు.

3. ట్రేసింగ్ కాగితంతో చదవడం

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఫొటోను 6×8 అంగుళాలకు కత్తిరించి ప్రింట్ తీసుకోండి. దాని మీద పరచడానికి మూడు ట్రేసింగ్ కాగితాలు కావాలి.

మొదటి కాగితం మీద గుంపు బయటి అంచు ఒక్కటే గీయండి. లోపల ఏ మొహమూ వద్దు, ఏ చెయ్యీ వద్దు. ఎడమ చివరి పిల్లాడి బూటు దగ్గర మొదలుపెట్టి, మోచెయ్యి, భుజం, టోపీ, పక్కవాడి టోపీ, ఇలా పెన్సిల్ ఎత్తకుండా కుడి చివరిదాకా రండి. ఇప్పుడు ఫొటో తీసేసి ఆ గీతను మాత్రమే చూడండి. ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ లోయలా దిగింది, ఎక్కడ గభాలున తెగింది? మీ బొమ్మను పది అడుగుల దూరం నుంచి చూసేవాళ్లకు మొదట కనబడేది ఈ గీతే. ఇది చప్పగా ఉంటే లోపల ఎంత కష్టపడినా లాభం ఉండదు.

రెండో కాగితం మీద మనుషుల మధ్య ఖాళీలు మాత్రమే గీసి నల్లగా నింపండి. మోచేతికీ నడుముకీ మధ్య ముక్కోణం, రెండు టోపీల మధ్య సందు, కాళ్ల మధ్య జాగా. కొన్నిచోట్ల ఖాళీయే ఉండదు, ఇద్దరి కోట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అక్కడ ఒక చుక్క పెట్టుకోండి. కాగితాలు అతికించేటప్పుడు ఆ చుక్కలే దారి చూపిస్తాయి.

మూడో కాగితం మీద చేతులు, చూపులు. చేతులను చిన్న గుండ్రాలుగా, చూపులను బాణాలుగా గీయండి. బాణాలన్నీ కెమెరా వైపే ఉండి ఒక్కటి మాత్రం పక్కకు తిరిగితే మీ బొమ్మలో ముఖ్యుడు అతనే కావచ్చు. అంచున కనబడే వేలిని కూడా వదలొద్దు. వలస తల్లి ఫొటోలో కింద మూలన గుడారం గుంజను పట్టుకున్న బొటనవేలు ఒకటి ఉండేది. ఫొటో అందం చెడుతోందని లాంగ్ ఆ తర్వాత దాన్ని నెగటివ్‌లో చెరిపించింది. కూర్పు శుభ్రపడింది నిజమే, కానీ ఆ చోటును పట్టుకుని ఉన్న ఒక చెయ్యి పోయింది. నేనైతే ఉంచేదాన్ని.

4. చిన్న స్కెచ్‌లు, సైజు

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద గడుల్లో ఐదారు కూర్పులు గీయండి. ఒకదానిలో గుంపు మొత్తం, ఒకదానిలో నడుము దాకా, ఒకదానిలో కుడివైపు నలుగురే. మూడు ఛాయలు చాలు: తెలుపు, బూడిద, నలుపు.

ఎంతమందిని ఉంచాలన్నది బోర్డు సైజు తేలుస్తుంది. కాగితాలు, ట్రాన్స్‌ఫర్‌లు, రంగు కలిపి చేసేటప్పుడు తల ఎత్తు 2 అంగుళాలకు తగ్గితే చెయ్యి ఆడదు. 18×24 అంగుళాల బోర్డు మీద నడుము దాకా అయితే ఐదుగురి నుంచి ఏడుగురి వరకు హాయిగా పడతారు. పన్నెండు మంది ఉన్న ఫొటోలో అందరినీ ఉంచాలంటే బోర్డు పెంచండి, లేదా వెనక వరసను మొహాలు లేని నీడలుగా వదిలేయండి.

5. బోర్డు సిద్ధం చేయడం

చెక్క బోర్డు మంచిది. కాన్వాస్ మీద కాగితం అతికించేటప్పుడు కింద ఆనిక ఉండదు, నొక్కితే లోపలికి పోతుంది. చెక్కలోని పసుపు పైకి ఊరకుండా ముందు యాక్రిలిక్ మీడియం (రంగు కలపని యాక్రిలిక్ జిగురు) రెండు పూతలు వేసి ఆరనివ్వండి, తర్వాత రంగు బాగా పట్టడానికి వేసే తెల్ల పూత, జెస్సో, రెండుసార్లు. సన్న గరుకు కాగితంతో ఒకసారి రుద్దితే చాలు. మందపాటి వాటర్‌కలర్ కాగితం వాడేవాళ్లు వెనక కూడా ఒక పూత వేస్తే వంకర తిరగదు.

తర్వాత గళ్ల పద్ధతి. 6×8 ప్రింట్ మీద అంగుళం గళ్లు, 18×24 బోర్డు మీద 3 అంగుళాల గళ్లు. రెండింటిలోనూ 48 గళ్లే వస్తాయి. మొదట బయటి అంచు, ఆ తర్వాత ఖాళీలు, చివరన మనుషులు, ట్రేసింగ్‌లో వెళ్లిన వరసలోనే. కళ్లూ ముక్కులూ ఇప్పుడే గీయకండి, ఎలాగూ వాటి మీద పొరలు పడతాయి.

6. మొదటి రంగు

బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగును నీళ్లలా పలచన చేసి బోర్డంతా పూయండి. తడిగా ఉండగానే వెలుగు పడే చోట్లను గుడ్డతో తుడవండి. ఆరాక ఇంకాస్త చిక్కటి అంబర్‌తో నీడలు పెట్టండి. కళ్లు సగం మూసి ఫొటోను చూస్తే నలుపంతా రెండు మూడు పెద్ద ఆకారాలుగా కనిపిస్తుంది, ఆ ఆకారాలనే వేయండి. ఫోన్‌లో ఫొటోను నాలుగు ఛాయలకు తగ్గించి చూసుకున్నా ఇదే తెలుస్తుంది.

రంగుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. నలుపు తెలుపు ఫొటోలో ఎవరి కోటు ఏ రంగో మనకు తెలియదు. ఊహించి నీలం కోటు, ఎర్ర స్కార్ఫ్ వేసుకుంటూ పోతే బొమ్మ రంగులద్దిన పాత పోస్ట్‌కార్డు అవుతుంది. బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్ నీలం, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), టైటానియం తెలుపు, ఈ నాలుగే పెట్టుకోండి. అంబర్, అల్ట్రామెరైన్ కలిపితే వచ్చే నలుపు ట్యూబులో నలుపు కంటే లోతుగా ఉంటుంది. నీలం పాలు పెంచితే చల్లగా, అంబర్ పెంచితే వెచ్చగా మారుతుంది.

దీనికి పూర్తిగా ఎదురుదారి కూడా ఉంది. అమెరికా కళాకారిణి బీసా బట్లర్ పాత ఫొటోలనే తీసుకుని, రంగురంగుల గుడ్డముక్కలతో కుట్టి, ఒంటి రంగును కూడా ఊదా, నీలం, ఎరుపు గుడ్డలతో చూపిస్తుంది. వాళ్లు మన కళ్ల ముందు నిలబడినట్టే ఉంటారు. ఆమె ఎక్కడా సగం సగం చేయదు, అందుకే అది నిలుస్తుంది. అసలు రంగును ఊహించి పెట్టడం కంటే పూర్తిగా వదిలేయడమో, పూర్తిగా మీ సొంతం చేసుకోవడమో మేలు.

7. కాగితాలు అతికించడం

కాగితం ఏదైనా ఆ ఫొటో లోకానికి చెందినదై ఉంటే మంచిది. బొగ్గు గని పిల్లలకు జీతాల పుస్తకంలా గీతలున్న కాగితం, గరుకు కాగితం, గోనె లాంటి నేత గుడ్డ సరిపోతాయి. నిజం బొగ్గు ముక్కలు అతికించాలనిపిస్తుంది, ఆ పని చేయకండి. రాలుతుంది, మరకలు చేస్తుంది, పైగా చెప్పకనే తెలిసేదాన్ని గట్టిగా అరిచి చెప్పినట్టుంటుంది. పాత వార్తాపత్రికను నేరుగా అతికించకండి. వెలుతురుకు పసుపెక్కి పెళుసుబారుతుంది. కావలసిన పేజీని యాసిడ్ లేని కాగితం మీద లేజర్ ప్రింట్ తీసి వాడండి.

మెరుపు లేని (మ్యాట్) మీడియం పలచగా బోర్డుకు పూసి, కాగితం వెనక పూసి, పెట్టి, మధ్య నుంచి అంచులకు పాత ప్లాస్టిక్ కార్డుతో నొక్కుతూ గాలి బయటికి పంపండి. పైన ఇంకో పలచని పూత. మందపాటి కాగితాన్ని ముందు కాస్త తడిపితే ముడతలు రావు. పెద్ద ముక్కలు ముందు, చిన్నవి తర్వాత.

ఇప్పుడు రెండో ట్రేసింగ్ కాగితంలో పెట్టుకున్న చుక్కలు తీయండి. కోట్లు కలిసిపోయిన చోట ఇద్దరికీ వేర్వేరు ముక్కలు కత్తిరించకండి. ఇద్దరి కోట్లకూ కలిపి ఒకే కాగితం కత్తిరించి అతికించండి. ఆరాక ఒకరి భుజం మీద మాత్రమే పలచని ముదురు రంగు వేసి, కాస్తంత చోట బొగ్గు గీతతో విడదీయండి. మిగతా అంచును వదిలేయండి. చూసేవాళ్ల కన్ను ఆ రెండు ఒళ్లనూ ఒకటిగా పట్టుకుంటుంది, వాళ్లు ఒకరికొకరు ఆనుకుని ఉన్నారని వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరి మధ్య దూరం ఉన్న చోట దీనికి వ్యతిరేకం చేయాలి: ఆ సందులో కాగితమేమీ పెట్టకుండా మొదట పూసిన అంబర్‌నే ఉంచి, రెండు వైపుల అంచులనూ కత్తెరతో పదునుగా కత్తిరించండి. చించిన అంచు మనుషుల్ని కలుపుతుంది, కత్తిరించిన అంచు విడదీస్తుంది. బొమ్మ మొత్తంలో ఏ అంచు చించాలి, ఏది కత్తిరించాలి అన్నది ఒక్కొక్కటిగా ఆలోచించి తేల్చుకోవాల్సిన విషయం.

ఒక కాగితం ఒకే చోట కనబడితే అతుకులా ఉంటుంది. ఏ కాగితాన్నైనా కనీసం మూడు చోట్ల వాడండి, అందులో ఒకటి నేపథ్యంలో ఉండనివ్వండి.

8. ఫొటో ముక్కలను దింపడం

అసలు ఫొటోలోని కొన్ని భాగాలు నేరుగా బొమ్మలోకి వస్తే బొమ్మకు సాక్ష్యం బలం వస్తుంది. బూట్లు, కోటు గుండీలు, వెనక చెక్క గోడ లాంటివి బాగుంటాయి. మొహాలను మాత్రం దింపకండి. అవి మీ చేత్తో వచ్చినవై ఉండాలి.

ప్రింట్ లేజర్‌దే కావాలి. ఇంక్‌జెట్ సిరా తడికి కరిగిపోతుంది. దింపితే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది కాబట్టి ప్రింట్‌కు ముందే ఫొటోలో ఎడమ, కుడి తారుమారు చేసుకోండి. అక్షరాలుంటే ఇంకోసారి చూసుకోండి. బోర్డు మీద జెల్ మీడియం సమంగా పూసి, ప్రింట్‌ను బోర్లించి, గాలి లేకుండా నొక్కి, రాత్రంతా వదిలేయండి.

మర్నాడు స్పాంజితో తడిపి రెండు నిమిషాలు ఆగి, వేలి కొసతో గుండ్రంగా రుద్దండి. కాగితం నానిన పొట్టులా చుట్టలు చుట్టుకుని ఊడి వస్తుంది, దాని కింద గుండీ ఒకటి, తర్వాత కోటు జేబు అంచు, ఇలా మెల్లిగా తేలుతాయి. గోరు తగలనివ్వకండి, నలుపు కూడా లేచిపోతుంది. ఆరాక మళ్లీ తెల్లటి పొర కనబడితే అది మిగిలిన కాగితం నార, మళ్లీ తడిపి రుద్దాలి. రెండోసారికీ పోని కాస్త మసకను వదిలేయండి. పైన మీడియం పూస్తే అది చాలావరకు పారదర్శకంగా మారుతుంది. అక్కడక్కడా నలుపు ఊడి చిరుగులు వచ్చినా దిద్దొద్దు, పాత నెగటివ్‌కు అవి నప్పుతాయి.

9. మొహాలు, చేతులు

ఒక మొహం పూర్తిచేసి ఇంకో మొహానికి వెళితే మొదటివాడు పట్టుదలగా, చివరివాడు అలసటగా వస్తాడు, ఎందుకంటే ఆ అలసట మీది. అందరి మొహాల్లో ముందు నీడ, తర్వాత అందరికీ మధ్య ఛాయ, ఆ తర్వాత అందరికీ వెలుగు పెట్టండి. ఒంటి రంగు మూలాన్ని ఒకేసారి ఎక్కువగా కలిపి మూత ఉన్న డబ్బాలో పెట్టుకుని, ఒక్కొక్కరికీ దాన్నుంచే కొంచెం వెచ్చగానో చల్లగానో మార్చుకోండి. అప్పుడే ఒకే గాలిలో ఒకే వెలుగులో నిలబడ్డవాళ్లలా ఉంటారు.

పోలిక కళ్ల వివరంలో కంటే తల వంపులో ఎక్కువ ఉంటుంది. టోపీ అంచుకీ గడ్డానికీ ఉన్న కోణం సరిగ్గా పట్టండి, కనుగుంటల నీడను ఒకే ఆకారంగా వేయండి, ముక్కు కింద నీడ, కింది పెదవి కింద నీడ. ఆరడుగుల దూరం వెళ్లి చూస్తే మనిషి అప్పటికే వచ్చి ఉంటాడు. ఆపైన ఎంత తక్కువ చేస్తే అంత మంచిది.

కంటి తెల్లగుడ్డు గురించి ఒక్క మాట. మసి పట్టిన మొహంలో కళ్లు మెరుస్తాయి కాబట్టి అందరి కళ్లలోనూ తెల్ల చుక్కలు పెట్టేయాలనిపిస్తుంది. అలా పెడితే ఏడుగురూ ఒకేలా బెదిరినట్టు కనబడతారు. నిజానికి టోపీ నీడలో కంటి తెలుపు నుదుటి వెలుగు కంటే ముదురుగానే ఉంటుంది. బూడిద రంగు పెట్టండి. మూడో ట్రేసింగ్ కాగితంలో మీరు ముఖ్యుడనుకున్న పిల్లాడి ఒక్క కంట్లో మాత్రం తెలుపు ఉంచండి.

చేతులకు మొహాలంత సమయం ఇవ్వండి. అమెరికా చిత్రకారుడు రోమేర్ బేర్డెన్ 1964లో కాగితాలు అతికించి చేసిన కొలాజ్‌లలో ఫొటోల నుంచి కత్తిరించిన చేతులు ఒంటికి మించిన సైజులో ఉంటాయి, అయినా కృత్రిమంగా అనిపించవు, ఆ మనుషుల బతుకు చేతుల మీద నడిచిందని తెలుస్తుంది. రాళ్లు ఏరిన పిల్లల బొమ్మలో చేతుల్ని పావు వంతు పెంచితే తప్పు లేదు. వేళ్లను విడివిడిగా గీయడం కంటే చేతిని ఒక ముద్దగా వేసి, రెండు వేళ్ల మధ్య ఒక్క ముదురు గీత పెడితే బలంగా వస్తుంది.

10. అన్నిటినీ కలపడం

ఇప్పటికి బోర్డు మీద కాగితం ఒకలా, ట్రాన్స్‌ఫర్ ఒకలా, రంగు ఒకలా ఉంటాయి. కలిపే పని బొగ్గుది. మెత్తటి బొగ్గు కడ్డీతో, మొదటి ట్రేసింగ్ కాగితంలోని బయటి అంచును గుర్తుచేసుకుంటూ, మనిషి నుంచి మనిషికి ఆగకుండా వెళ్లే గీతలు వేయండి. ఒకరి చేతి అంచు దాటి పక్కవాడి కోటు మడతలోకి, అక్కడి నుంచి టోపీకి. కొన్నిచోట్ల నొక్కి, కొన్నిచోట్ల తేలిగ్గా, కొన్నిచోట్ల అసలు తగలకుండా. చెయ్యి ఆడకపోతే ముందు వేరే కాగితం మీద పెద్దగా రెండుసార్లు గీసి రండి. నునుపుగా ఉన్న మీడియం మీద బొగ్గు పట్టకపోతే అక్కడ పలచగా జెస్సో లేదా గరుకుగా ఉండే పాస్టెల్ గ్రౌండ్ పూసుకోవాలి.

తర్వాత అంబర్‌ను మీడియంలో బాగా పలచన చేసి వెనక వరస మీద, అంచుల మీద ఒక తెర వేయండి. బొగ్గు చెదరకుండా ముందే ఫిక్సెటివ్ స్ప్రే కొట్టండి, గాలి ఆడే చోట, ముక్కుకు అడ్డం పెట్టుకుని. ముందు వరస ముందుకు వస్తుంది, వెనకవాళ్లు వెనక్కి తగ్గుతారు. బోర్డును తలకిందులుగా పెట్టి చూడండి, ఫోన్‌లో ఫొటో తీసి నలుపు తెలుపుకు మార్చి చూడండి. ఏదైనా ముక్క ఒంటరిగా అరుస్తుంటే దాని మీద ఇంకో తెర.

ఆయిల్ పాస్టెల్ వాడాలనుకుంటే ఇదే చివరి పొర. నూనె పదార్థం మీద యాక్రిలిక్ పట్టదు, కొన్నాళ్లకు పొరలుగా ఊడుతుంది. ఈ వరస ఎప్పుడూ తిరగేయకండి.

11. రక్షణ, వెనక రాత

ఆయిల్ పాస్టెల్ లేకపోతే రెండు వారాలు ఆరనిచ్చి యాక్రిలిక్ వార్నిష్ మ్యాట్ రకం స్ప్రే చేయండి. బొగ్గు ఉన్న బొమ్మ మీద కుంచెతో వార్నిష్ పూస్తే గీతలు చెదురుతాయి. ఆయిల్ పాస్టెల్ ఉంటే వార్నిష్ వద్దు, బొమ్మకు తగలకుండా ఎడం ఉంచి అద్దం బిగించిన ఫ్రేము చేయించండి. నేరుగా ఎండ పడే గోడ మీద ఏదైనా సరే పెట్టకండి.

బోర్డు వెనక చెదరని పెన్నుతో రాయాల్సినవి ఉన్నాయి. అసలు ఫొటో తీసినవారి పేరు, ఊరు, నెల, సంవత్సరం, ఏ సేకరణలోది, దాని నంబరు. ఫొటో కింద పిల్లల పేర్లు రాసి ఉంటే ఆ పేర్లు కూడా, ఎడమ నుంచి కుడికి, మీ బొమ్మలో వాళ్లు నిలబడిన వరసలో. పేరు దొరకని వాళ్ల చోట ఖాళీ వదలండి, ఎప్పుడైనా తెలిస్తే రాయవచ్చు. వాడిన రంగులు, జిగుర్లు, వార్నిష్ రకం ఆ కింద. మీ పేరు, తేదీ చివర్లో.